వంశపారంపర్య రక్త వ్యాధులతో జీవిస్తున్న పెద్దలకు మానసిక సహాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాచారం ఎవరి కోసం?

తలసీమియా (ఒంట్లో రక్తం తగినంత తయారుకాని జబ్బు), సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు), హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) వంటి పుట్టుకతో వచ్చే రక్త వ్యాధులతో పెరిగి పద్దెనిమిదేళ్లు దాటినవారి కోసం. హైదరాబాద్‌లో ఉంటున్నవారికీ, ఆదిలాబాద్, కొత్తగూడెం వంటి జిల్లాల నుంచి చికిత్స కోసం నగరానికి వచ్చిపోయేవారికీ ఇది ఉపయోగపడుతుంది. కొన్ని జవాబులు భార్యాభర్తలూ తల్లిదండ్రులూ కూడా చదవదగినవి.

జబ్బు రక్తంలో ఉంది కదా, మనసు గురించి ఎందుకు మాట్లాడాలి?

తీవ్రమైన తలసీమియా ఉన్నవారు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. ఎక్కిన ప్రతి యూనిట్‌తోనూ శరీరంలో చేరే ఇనుమును బయటికి పంపడానికి రోజూ మందు వాడాలి. సికిల్ సెల్ ఉన్నవారికి నొప్పి ఏ రాత్రి మొదలవుతుందో తెలియదు. హీమోఫిలియా ఉన్నవారికి చిన్న దెబ్బ తగిలినా, ఒక్కోసారి ఏ దెబ్బా తగలకపోయినా, మోకాలిలోనో మోచేతిలోనో రక్తం దిగి వారం రోజులు మంచం పట్టాల్సి వస్తుంది. పుట్టిన కొద్ది నెలలకే మొదలై జీవితాంతం సాగే ఈ ఏర్పాటు చుట్టూనే చదువులు, పరీక్షలు, ప్రయాణాలు, పెళ్లి ముహూర్తాలు సర్దుకోవాల్సి వచ్చినప్పుడు, అది మనసు మీద పడకుండా ఉంటుందని అనుకోవడం న్యాయం కాదు.

పెద్దల విషయంలో మరొక సంగతి ఉంది. ఈరోజు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్న చాలామంది తమ చిన్నప్పుడు 'ఎక్కువ కాలం బతకడం కష్టం' అన్న మాట విని పెరిగినవారే. చికిత్సలు మెరుగుపడి ఆయుష్షు పెరిగింది. కానీ ఆ మాట నమ్మిన ఇళ్లలో ఎవరూ వారి డిగ్రీ గురించీ, ఉద్యోగం గురించీ, పొదుపు గురించీ ఆలోచించలేదు. ఎవరూ ఊహించని పెద్దరికం ఎదురైనప్పుడు కలిగే అయోమయాన్ని డిప్రెషన్ అని ఒక్క ముక్కలో తేల్చేయడం కూడా సరికాదు. అది ప్రణాళిక లేకుండా చేతికొచ్చిన జీవితం తెచ్చిన ఇబ్బంది, దాన్ని ఆ విధంగానే చర్చించాలి.

పిల్లల ఆసుపత్రి నుంచి పెద్దల విభాగానికి మారే దశ కూడా గట్టి దెబ్బే. నీలోఫర్ వంటి చోట నర్సమ్మలు పేరు పెట్టి పిలిచే వాతావరణంలో పెరిగిన మనిషి, ఒక్కసారిగా పెద్దాసుపత్రి ఓపీ వరుసలో చీటీ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. చికిత్సకు రావడం మానేసేవారు ఎక్కువగా ఈ దశలోనే జారిపోతారు.

ఎప్పుడూ నీరసంగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటోంది. ఇది రక్తం తక్కువై వచ్చిందా, డిప్రెషనా?

అన్నింటికన్నా జాగ్రత్తగా జవాబివ్వాల్సిన ప్రశ్న ఇదే, ఎందుకంటే రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. రక్తం డాక్టరు అంతా హిమోగ్లోబిన్ అనుకుంటారు, కౌన్సెలర్ అంతా మనసు అనుకుంటారు.

తలసీమియాలో రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ సాధారణంగా 9.5 నుంచి 10.5 మధ్య ఉండేలా చూస్తారు. రక్తం దొరకక తేదీ వాయిదా పడితే అది ఇంకా పడిపోతుంది, చివరి వారంలో మెట్లు ఎక్కడమే కష్టమవుతుంది. దీనికి తోడు, పేరుకున్న ఇనుము థైరాయిడ్ గ్రంథినీ, క్లోమాన్నీ, లైంగిక హార్మోన్లను నడిపించే పీయూష గ్రంథినీ దెబ్బతీయగలదు. థైరాయిడ్ తగ్గినా, షుగరు వచ్చినా, టెస్టోస్టిరాన్ లేదా ఈస్ట్రోజన్ తగ్గినా నీరసం, నిద్రమత్తు, దిగులు, కోరికలు చచ్చిపోవడం కనిపిస్తాయి. అందువల్ల దిగులుకు మందు మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, విటమిన్ డి, అవసరమైతే హార్మోన్ల పరీక్షలు చూడమని మీ డాక్టరును అడగడం మీ హక్కు.

ఇంట్లో మీరు గమనించగలిగేది ఒకటి ఉంది. ఒక నోటు పుస్తకంలో రోజూ రాత్రి ఆరోజు ఓపికకు ఒక అంకె, మనసు స్థితికి ఒక అంకె వేయండి, రక్తం ఎక్కిన రోజులను గుర్తుపెట్టండి. రక్తం ఎక్కిన రెండు మూడు రోజులకు రెండు అంకెలూ కలిసి పైకి లేస్తే కారణం ఎక్కువగా రక్తంలో ఉందనుకోవచ్చు. ఓపిక పెరిగినా మనసు అంకె కిందే ఉండిపోతే, అంటే ఒంట్లో బలం వచ్చినా స్నేహితుడి ఫోన్ ఎత్తబుద్ధి కాకపోతే, అది వేరే సమస్య. దానికి వేరే చికిత్స ఉంది.

డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. మొత్తం 27 మార్కుల్లో 10 లేదా ఆపైన వస్తే లోతుగా పరిశీలించాలంటారు. అయితే అందులో నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత గురించిన ప్రశ్నలకు రక్తహీనత ఒక్కటే మార్కులు తెచ్చిపెట్టగలదు. కాబట్టి మీ విషయంలో మొత్తం అంకె కన్నా, ఆసక్తి పోవడం, 'నేను పనికిరానివాణ్ణి' అనిపించడం, చావు గురించిన ఆలోచన అనే మూడింటికి వచ్చిన జవాబులు ముఖ్యం. ఈ సంగతి తెలియని కౌన్సెలర్‌కు మీరే చెప్పవలసి రావచ్చు.

కౌన్సెలింగ్‌కు వెళ్తే 'ఎర్రగడ్డ కేసు' అంటారేమో?

అనేవాళ్లు అంటారు. హైదరాబాద్‌లో ఆ పేట పేరు తరతరాలుగా వెక్కిరింతగా నలిగిపోయింది. నిజానికి అక్కడున్నది ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా నడిచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ. నిద్ర పట్టక, దిగులుతో వచ్చే మామూలు ఉద్యోగులు కూడా అక్కడి ఓపీలో చూపించుకుంటారు. నెలకోసారి ఒంట్లోకి ఇంకొకరి రక్తం ఎక్కించుకోవడానికి సిగ్గుపడని మనం దీనికి సిగ్గుపడటంలో అర్థం లేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ఒకటేనా?

కాదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, పరీక్షలు పెడతారు, మందులు రాయరు. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా అని అడిగితే మొహమాటపడాల్సిన పని లేదు. 'కౌన్సెలర్' అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు, కాబట్టి చదువు, అనుభవం అడిగి తెలుసుకోండి. వైద్య సామాజిక కార్యకర్త పింఛను, సర్టిఫికెట్లు, ఆసుపత్రి ఖర్చుల చిక్కుముడులు విప్పుతారు. డబ్బు దిగులే అసలు దిగులైనప్పుడు అందరికన్నా ముందు కలవాల్సింది వీరినే.

హైదరాబాద్‌లో ఈ సేవ ఎక్కడ దొరుకుతుంది?

ముందు మీరు రక్తం ఎక్కించుకునే చోటే అడగండి. 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ రాజేంద్రనగర్ దగ్గర శివరాంపల్లిలో రక్తమార్పిడి కేంద్రం నడుపుతోంది. హీమోఫిలియా ఉన్నవారికి హీమోఫిలియా ఫెడరేషన్ హైదరాబాద్ చాప్టర్ ఉంది. ఇలాంటి చోట్ల దొరికే పెద్ద సాయం తోటి మనుషులే. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. దూరం రాలేనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ అనే ఫోన్ ద్వారా మానసిక సహాయ సేవ ఉంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడమేనా?

ధైర్యం చెప్పడానికి చుట్టాలు చాలు. ఒక ఉదాహరణ చూడండి. ఇరవై ఆరేళ్ల తలసీమియా యువకుడు ఇనుము తగ్గించే మాత్రలు మూడు నెలలుగా మింగడం లేదు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ నాలుగు వేలు దాటింది. ఓపీలో 'ఎందుకు వాడటం లేదు, చావాలని ఉందా' అని కేకలు పడ్డాయి. తల వంచుకుని 'ఇకనుంచి వాడతా సార్' అని వచ్చేశాడు, మళ్లీ వాడలేదు. సైకాలజిస్టు ఆ ప్రశ్న అడగరు. మాత్ర చేతిలోకి తీసుకునే క్షణంలో ఏమవుతుందో అడుగుతారు. అప్పుడు బయటపడేది ఇది: ఆఫీసు హాస్టల్లో ముగ్గురితో కలిసి ఉంటున్నాడు, పొద్దున నీళ్లలో కలిపి తాగాల్సిన మాత్రను వాళ్ల ముందు కలపడం ఇష్టం లేదు, జబ్బు సంగతి వాళ్లకు తెలియదు. సమస్య బద్ధకం కాదు, రహస్యం. ఒక్క రూమ్మేట్‌కు ఏ మాటల్లో చెప్పాలో ఇద్దరూ కూర్చుని తయారుచేస్తారు. మందు వేళ మార్చవచ్చేమో, మామూలుగా మింగే మాత్రగా దొరుకుతుందేమో రక్తం డాక్టరును అడుగుతారు. మానసిక చికిత్సలో ఎక్కువ భాగం ఇలాంటి పనే.

సూది అంటే ఇప్పటికీ భయం. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

చిన్నప్పటి నుంచి వందలసార్లు పొడిపించుకున్న చేతికి భయం తగ్గాలని అందరూ అనుకుంటారు, కానీ చాలామందికి పెరుగుతుంది. నరాలు గట్టిపడి, 'నరం దొరకడం లేదు' అంటూ మూడుచోట్ల ప్రయత్నించే రోజులు గుర్తుండిపోతాయి. ఏ చేయి, ఏ నరం బాగా పనిచేస్తుందో మీరే చెప్పండి, రెండుసార్లు కుదరకపోతే అనుభవమున్న నర్సును పిలవమని ముందే మాట తీసుకోండి, మొద్దుబారే క్రీము అడగండి. సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయేవారికి కండరాలు బిగించి వదిలే ఒక పద్ధతి నేర్పుతారు. హీమోఫిలియా ఉన్నవారు మాత్రం కీళ్ల స్థితిని బట్టి ఫిజియోథెరపిస్టును అడిగాకే దాన్ని చేయాలి.

సికిల్ సెల్ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే ఇంజెక్షన్ కోసం నటిస్తున్నానని అంటున్నారు. ఏం చేయాలి?

ఈ అవమానం నొప్పి కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది. సికిల్ సెల్ నొప్పిని నిరూపించే రక్త పరీక్ష ఏదీ లేదు. హిమోగ్లోబిన్ ఎప్పటిలాగే ఉండి కూడా భరించలేని నొప్పి ఉండవచ్చు. ఏళ్ల తరబడి నొప్పితో బతికినవారు ఏడవకుండా, ఫోన్ చూసుకుంటూ కూడా పదికి తొమ్మిది నొప్పిలో ఉండగలరు. అది చూసినవారికి నటనలా కనిపిస్తుంది.

ఆచరణలో పనికొచ్చేది, మీ రక్తం డాక్టరు లెటర్‌హెడ్ మీద ఒక పేజీ: జబ్బు పేరు, మామూలుగా ఉండే హిమోగ్లోబిన్, ఏ మందు ఎంత మోతాదులో పనిచేస్తుంది, జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే వెంటనే చేర్చుకోవాలన్న సూచన. దాని ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. నొప్పికి మానసిక పద్ధతులు నేర్చుకోమని ఎవరైనా అంటే నొప్పి ఊహ అని అర్థం కాదు. నీళ్లు తగ్గడం, చలి, ఇన్ఫెక్షన్‌లతో పాటు తీవ్రమైన ఒత్తిడి కూడా నొప్పి దాడిని రేపగలదు. శ్వాస, విశ్రాంతి పద్ధతులు మందుతో కలిసి పనిచేసేవే తప్ప మందుకు బదులు కాదు.

ఈ మధ్య మతిమరపు పెరిగింది, పని మీద దృష్టి నిలవడం లేదు. ఇదీ ఒత్తిడేనా?

సికిల్ సెల్ ఉన్నవారైతే ఒత్తిడి అని వదిలేయవద్దు. బయటికి ఏ లక్షణమూ లేకుండా మెదడులో చిన్న చిన్న చోట్ల రక్త ప్రసారం ఆగిపోవడం ఈ జబ్బులో జరుగుతుంది, ఎంఆర్ఐలో తప్ప తెలియదు. జ్ఞాపకశక్తి, పనులు వరుసగా చేసుకునే శక్తి దీనివల్ల తగ్గవచ్చు. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక వైపు బలహీనత అకస్మాత్తుగా వస్తే అది పక్షవాతం లక్షణం, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. జబ్బు సంగతి చెప్పాలా? ఎప్పుడు చెప్పాలి?

చెప్పాలి, నిశ్చితార్థానికి ముందే చెప్పాలి, వీలైతే మధ్యవర్తి చేత కాకుండా మీరే చెప్పాలి అన్నది మా అభిప్రాయం. మధ్యవర్తి నోట అది 'చిన్న రక్తం సమస్య' అవుతుంది, లేదంటే 'బతకడం కష్టమట' అవుతుంది. మొదటి పెళ్లిచూపుల్లోనే కాఫీ కప్పుల మధ్య చెప్పాల్సిన అవసరం లేదు. ఇద్దరూ విడిగా మాట్లాడుకునే అవకాశం వచ్చినప్పుడు చెబితే సరిపోతుంది.

చెప్పేటప్పుడు లెక్కలు సరిగ్గా తెలిసి ఉండాలి. తలసీమియా మేజర్ (తీవ్ర రకం) ఉన్నవారు క్యారియర్ (తనకు జబ్బు లేకుండా దాని జన్యువును మోసే మనిషి) కాని వ్యక్తిని పెళ్లి చేసుకుంటే పిల్లలందరూ క్యారియర్లే అవుతారు, జబ్బు రాదు. అవతలి వ్యక్తి క్యారియర్ అయితే ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం సగం. సికిల్ సెల్‌కూ ఇదే లెక్క. అయితే సికిల్ జన్యువు ఒకరి నుంచి, తలసీమియా జన్యువు మరొకరి నుంచి కలిసినా జబ్బు వస్తుంది కాబట్టి రెండింటికీ పరీక్ష చేయించాలి. హీమోఫిలియా ఉన్న పురుషుడి కూతుళ్లందరూ క్యారియర్లవుతారు, భార్య క్యారియర్ కాకపోతే కొడుకులకు జబ్బు రాదు. సికిల్ సెల్‌కు ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు వాడుతున్నవారు, స్త్రీలైనా పురుషులైనా, పిల్లల కోసం ప్రయత్నించే ముందు డాక్టరుతో మాట్లాడాలి.

కానీ ఈ ప్రశ్న వెనకాల చాలాసార్లు ఉండేది లెక్క కాదు. ఎత్తు తక్కువగా ఉండటం, ముఖంలో ఎముకలు మారడం, యౌవనం ఆలస్యంగా రావడం, 'నన్నెవరు చేసుకుంటారు' అనే మాట. వద్దని వెళ్లిపోయిన సంబంధం తాలూకు బాధ సహజం. మూడు సంబంధాలు పోయాక నాలుగోదానికి కూర్చోనని చెప్పే హక్కు కూడా మీకుంది. పెళ్లి చేసుకోకపోవడం ఓటమి కాదని కౌన్సెలర్ సమక్షంలో అమ్మానాన్నలకు చెప్పడం కొందరికి సులువైంది.

అమ్మ ఇప్పటికీ నన్ను ఒంటరిగా బయటికి పంపదు. ఆమెను బాధపెట్టకుండా ఎలా చెప్పాలి?

ఆ అతిజాగ్రత్త వెనక తరచుగా అపరాధ భావం ఉంటుంది. మేనరికం చేసుకున్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. 'మేం చేసిన పెళ్లి వల్లే నీకిలా' అనే మాట కొందరు తల్లులు పైకి అనరు, మందుల డబ్బా సర్దుతూనే ఉంటారు. దగ్గరి చుట్టరికంలో ఇలాంటి జబ్బులు బయటపడే అవకాశం పెరుగుతుందన్నది నిజం. చుట్టరికం లేని దంపతులకూ ఇలాంటి పిల్లలు పుడతారన్నదీ నిజం. పరీక్షలే లేని రోజుల్లో తెలియక జరిగినదానికి ఎవరూ దోషులు కారు.

ఒక్కసారిగా స్వాతంత్ర్యం ప్రకటించడం కన్నా ఒక్కో పని తీసుకోవడం మేలు. ముందు రిపోర్టుల ఫైలు మీ దగ్గరే పెట్టుకోండి. తర్వాత డాక్టరుతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడండి. ఆ తర్వాత రక్తానికి ఒక్కరే వెళ్లి రండి. అన్నట్టు, ఇంట్లో పెద్దలు ప్రేమతో ఇచ్చే ఐరన్ టానిక్ తలసీమియా ఉన్నవారికి హాని చేస్తుంది, మొహమాటం లేకుండా వద్దని చెప్పండి.

డిప్రెషన్ మందులు నా జబ్బు మందులతో కలిపి వాడవచ్చా?

వాడవచ్చు, కానీ ఇద్దరు డాక్టర్లకూ రెండో చీటీ తెలియాలి. డిప్రెషన్‌కు ఎక్కువగా ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు రక్తస్రావాన్ని కొంత పెంచగలవు, హీమోఫిలియాలో ఇది ఆలోచించాల్సిన విషయం. ట్రమడాల్ అనే నొప్పి మందు వాడే సికిల్ సెల్ వారికి అదే ఎస్ఎస్ఆర్ఐతో కలిస్తే మూర్ఛ, సెరటోనిన్ సిండ్రోమ్ (మెదడులో సెరటోనిన్ మితిమీరి వచ్చే ప్రమాదకర స్థితి) ముప్పు పెరుగుతుంది. ఇనుము తగ్గించే డెఫెరిప్రోన్ తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు. తెల్ల రక్తకణాలను అలాగే తగ్గించగల క్లోజపిన్, కార్బమజెపిన్ అనే మానసిక వైద్య మందులను దానితో కలపకూడదు. డిప్రెషన్ మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి పది రోజుల్లో ఏమీ మారలేదని ఆపేయవద్దు.

ఉద్యోగంలో చెప్పాలా? వికలాంగుల చట్టం మాకు వర్తిస్తుందా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ మూడూ ఉన్నాయి. 40 శాతం లేదా ఆపైన వైకల్యం నిర్ధారణ అయితే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్‌కు అర్హత వస్తుంది. ప్రభుత్వోద్యోగాల్లోని 4 శాతం కోటా జాబితాలో మాత్రం చట్టం రక్త వ్యాధులను చేర్చలేదు. దీనిమీద కలిగే కోపం న్యాయమైనదే. ప్రైవేటు ఉద్యోగంలో పై అధికారికి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. 'నెలకోసారి ఒక రోజు చికిత్సకు వెళ్లాలి, ఆ పనిని శనివారం సర్దుకుంటాను' అన్నంత వరకు చెప్పడం చాలామందికి చాలు.

పక్క మంచం మీద నాతోపాటు రక్తం ఎక్కించుకునే స్నేహితుడు చనిపోయాడు. అక్కడికి వెళ్లాలంటేనే కాళ్లు ఆడటం లేదు.

చుట్టాలు దీన్ని అర్థం చేసుకోలేరు, వాళ్లకు అతను 'ఆసుపత్రిలో పరిచయమైన అబ్బాయి'. మీకు పదిహేనేళ్లుగా నెలకు రెండు రోజులు పక్కపక్కన గడిపిన మనిషి, అదే జబ్బు, అదే వయసు. దుఃఖంతోపాటు 'తర్వాత నేనేనా' అన్న భయం, బతికి ఉన్నందుకు కాస్త అపరాధ భావం కలగలిసి వస్తాయి. ఏం జరిగి చనిపోయాడో మీ డాక్టరును అడగండి. అతని కుటుంబ వివరాలు చెప్పకపోయినా, మీ గుండె, కాలేయం స్థితి ఎలా ఉందో మీకు విడమరచి చెప్పగలరు. కొన్నాళ్లు వేరే మంచం, వేరే రోజు అడగవచ్చు. చికిత్స తేదీని మాత్రం దాటవేయవద్దు.

జన్యు చికిత్స వచ్చిందంటున్నారు. ఇక ఈ బాధలు తీరతాయా?

సికిల్ సెల్‌కూ తలసీమియాకూ జన్యువును సవరించే చికిత్సను 2023 నవంబర్‌లో బ్రిటన్ ప్రపంచంలోనే మొదటిగా ఆమోదించింది. దాని ధర కోట్లలో ఉంది, ముందు గట్టి కీమోథెరపీ తీసుకోవాలి. వాట్సాప్‌లో ఆ వార్త పంపే ప్రతి చుట్టానికీ జవాబివ్వనవసరం లేదు. ఆశ పెట్టుకోండి, ఈ నెల ఫెరిటిన్ పరీక్షా చేయించుకోండి.

చనిపోవాలనిపిస్తోంది. లేదా మందులన్నీ ఆపేసి ఊరుకుందామనిపిస్తోంది.

ఈ రెండూ వేర్వేరు కావు. మాటల్లో పెట్టకుండా చికిత్స మానేయడం కూడా ఆ ఆలోచనే అయి ఉండవచ్చు, దాన్నీ అంతే గంభీరంగా తీసుకోవాలి. ఈ రాత్రికి ఒంటరిగా ఉండకండి, ఒక్కరికైనా సూటిగా 'నాకు చావాలనిపిస్తోంది' అని చెప్పండి. 14416కు ఫోన్ చేయండి, ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 108కు చేయండి లేదా దగ్గరి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంట్లో నిల్వ ఉన్న నొప్పి మాత్రలు, ఇతర మందులు కొంతకాలం ఇంకొకరి దగ్గర ఉంచి రోజుకు సరిపడా తీసుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే తప్ప శిక్షించకూడదు. కాబట్టి పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయవద్దు.

నేను చెప్పినవి ఇంట్లోవాళ్లకు చెబుతారా? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే మీకు గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు వంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే మినహాయింపు ఉంటుంది. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా అది చెబుతోంది. ఓపీ ఖర్చులు వస్తాయో లేదో మీ పాలసీలో చూసుకోండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు, చివరి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ రిపోర్టులు, పైన చెప్పిన అంకెల నోటు పుస్తకం. రక్తం ఎక్కించుకోవాల్సిన తేదీకి ముందు రోజుల్లో అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దు, మాట్లాడే ఓపిక కూడా ఉండదు. ఎక్కిన నాలుగైదు రోజులకు పెట్టుకోండి. జిల్లాల నుంచి వచ్చేవారు రక్తం ఎక్కే రోజునే సైకాలజిస్టు మంచం దగ్గరికి వచ్చి మాట్లాడగలరేమో అడగండి. పక్కవారికి వినపడకుండా ఉండాలంటే తెర వేయించమని, లేదా గది దొరికేదాకా ఫోన్‌లో మాట్లాడతానని చెప్పవచ్చు.